సుద్దగీతకు ఇవతల

మా బావ బండి జబ్బును చేతివేళ్లతో కనిపెట్టేవాడు. ఇంజను తిరుగుతుండగానే బానెట్ కింద తల దూర్చి, ప్లగ్గుల మీది వైర్లను ఒక్కొక్కటే ఊడదీసి మళ్లీ తొడిగేవాడు. వైరు తీయగానే ఇంజను తడబడితే ఆ ప్లగ్గు బాగున్నట్టు. ఏ తేడా రాకపోతే జబ్బు అక్కడున్నట్టు. ఈ పని తెలిసినవాళ్లు రబ్బరు తొడుగున్న పట్టకారుతో చేస్తారు. మా బావ ఉత్త చేతులతో చేసేవాడు. మధ్యలో "హుష్" అని చెయ్యి విదిలించి, "మూడోదానికి బలం తక్కువ" అని తేల్చేవాడు. షాకు ఎంత గట్టిగా కొట్టిందో చూసి, ప్లగ్గులకు కరెంటు పుట్టించే కాయిల్ ఆరోగ్యం చెప్పేవాడు. అందుకే వీధిలో అందరికీ ఆయన 'కరెంటు'. ఆ పేరంటే ఆయనకు ఎక్కడలేని మురిపెం. నాకు మాత్రం ఒళ్లు మంట. బుద్ధున్నవాడెవడైనా షాకును పిలిచి మరీ కొట్టించుకుంటాడా?

నేను ఆయన భార్యకు చెల్లెల్ని. షెడ్డు పక్క గదిలో బట్టలు కుడతాను. మధ్యలో ఒక గోడ, దానికి రెక్కల్లేని ఒక కిటికీ. ఆయన సుత్తి మోత నాకు, నా మిషను మోత ఆయనకు. నా నోరు చూసి నన్ను 'సూది' అంటాడు. ఆయన నోరేమైనా తక్కువా? ఇద్దరం మొదలుపెడితే అక్క వచ్చి కిటికీకి అడ్డంగా గుడ్డ కట్టిన రోజులున్నాయి.

ఊరికే నోరు పారేసుకుంటున్నాను గానీ, పనిలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. ప్లగ్గు విప్పి దాని మూతి చూశాడంటే బండి సంగతంతా చెప్పేవాడు. మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ మింగుతోందని, తెల్లగా కాలి ఉంటే వేడికి మాడుతోందని. వైరు బ్రష్షుతో తోమి, మూతి దగ్గరి సందును రేకుతో కొలిచి బిగించేవాడు. కాయిల్ నుంచి వచ్చే కరెంటును నాలుగు ప్లగ్గులకూ పంచిపెట్టేచోట నల్లటి మూత ఒకటుంటుంది, క్యాప్ అంటారు. దాన్ని వెలుతురుకు పట్టుకుని వెంట్రుకంత బీట ఉన్నా పట్టేసేవాడు. ఆ క్యాప్‌ను పట్టి ఉంచడానికి చెరోవైపు ఒక క్లిప్పు ఉంటుంది. ఒకటి పెట్టి రెండోది మరిచిపోయేవాళ్లంటే ఆయనకు చీదర. "క్లిప్పులు రెండూ పెట్టావా?" అన్నది చివరికి ఊతపదమై కూర్చుంది. అక్క భోజనం డబ్బాకు మూత పెట్టినా అదే ప్రశ్న, నేను షాపుకు తాళం వేసినా అదే ప్రశ్న.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి గుండె నెమ్మదించింది. మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాడు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, గుండె తన వేగం తానే మరిచిపోతోందని చెప్పి, ఎడమవైపు కాలర్ ఎముక కింద పేస్‌మేకర్ పెట్టింది. అరచేతిలో పట్టే చిన్న పెట్టె, దానిలోంచి గుండెలోకి దిగే సన్నటి వైరు. "అంటే నాకూ కాయిల్ బిగించారన్నమాట!" అని బావ మంచం మీదే తెగ సంబరపడ్డాడు. డాక్టరమ్మ నవ్వి, ఏం పని చేస్తారని అడిగింది. ఆయన చెప్పగానే ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఇంజను ఆపి ఏ పనైనా చేసుకోండి. తిరుగుతున్న ఇంజను మీదికి మాత్రం వంగకండి. ఆ కాయిల్ దగ్గర, వైర్ల దగ్గర ఇది తికమక పడొచ్చు. కనీసం చేతి దూరంలో ఉండండి. కొన్నాళ్లు ఈ ఎడమ చెయ్యి భుజం పైకి ఎత్తకండి, వైరు ఇంకా కుదురుకోవాలి. ఇక షాకంటారా, ఒక్కటంటే ఒక్కటి కూడా వద్దు."

చేతి దూరం అని డాక్టరమ్మ అంటే, అక్క దాన్ని రెండింతలు చేసింది. నా దగ్గర బట్టల మీద గుర్తు పెట్టుకునే సుద్ద అడిగి తీసుకుని, షెడ్డు నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గీత గీసింది. "ఇంజను తిరుగుతున్నంతసేపూ నువ్వు ఈ గీతకు ఇవతల. దాటావంటే నేను నీకు లేనట్టే" అంది. అక్క బడిలో గుమాస్తా. గొంతు పెంచే మనిషి కాదు. అందుకే ఆ మాట వినగానే బావ తన స్టూలు గీతకు ఇవతలికి జరుపుకున్నాడు.

రోజూ పొద్దున్నే గీత దిద్దే పని నాది. వైర్లు లాగే పనీ నా నెత్తినే పడింది. నేను పట్టకారుతో ఒక్కో వైరూ తీస్తుంటే, బావ గీత ఇవతల స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఆయన మొహం చూస్తే జాలేసేది.

"ఇక్కణ్ణుంచి వినడమంటే పక్కింటి గొడవ వినడమేనే సూదీ. సగం వినపడుతుంది, సగం అనుమానమొస్తుంది."

"అనుమానంతోనే బతుకు బావా. బతికి ఉంటావు."

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. షెడ్డులో ఉన్నది లెక్కల మాస్టారి పాత కారొక్కటే. పోతూపోతూ ఒక్కసారి తడబడుతుంది, మళ్లీ ఏమీ ఎరగనట్టు పోతుంది. నేను వైర్లు లాగాను, బావ విన్నాడు, ఏదీ తేలలేదు. క్యాప్ మీద నీళ్లు కూడా చిలకరించి చూశాను, ఎక్కడైనా నిప్పురవ్వ బయటికి దూకుతుందేమోనని. ఊహూఁ. ఈలోగా కుట్టినది వేసుకుని చూసుకుంటానని ఒకావిడ వస్తే, ఇంజను ఆపేసి నా గదిలోకి వెళ్లాను. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆవిడ భుజం దగ్గర సరిచేస్తుంటే ఇంజను స్టార్టయిన చప్పుడు వినిపించింది. స్టార్ట్ చేసి వచ్చి స్టూలు మీద కూర్చుని ఉంటాడులే అనుకున్నాను.

అంతలో ఇంజను తడబడింది. ఈసారి తడబడుతూనే ఉంది, అంటే ఎవరో వైరు తీశారన్నమాట. తీయవలసిన నేను ఇక్కడున్నాను.

గుండుసూదులు ఎక్కడ ఉమ్మేశానో నాకు తెలియదు. నేను గడప దాటేలోపే ఇనప పళ్లెం కిందపడ్డ మోత, దాని వెనకే ఇంకో బరువైన చప్పుడు. వెళ్లి చూద్దును కదా, బావ ముందు చక్రం పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. ఎడమ చెయ్యి తలపైకి విసిరేసినట్టుంది. బానెట్ కింద రెండు వైర్లు వేలాడుతున్నాయి. ఇంజను మాత్రం రొప్పుతూ తిరుగుతూనే ఉంది. ముందు తాళం తిప్పి దాన్ని ఆపాను. తర్వాత ఆయన చెంపలు వాయించాను. కొంతసేపటికి కళ్లు తెరిచాడు. తెరిచి ఏమన్నాడో తెలుసా?

"మీ అక్కకు చెప్పకే."

అక్కడే నాలుగు తగిలిద్దామనిపించింది. మణికట్టు పట్టుకున్నాను. నాడి కొట్టుకుంటోంది, కొట్టుకుంటోంది, ఆగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. మళ్లీ కొట్టుకుంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, వానకు ఎక్కడో వాహనాలు గుద్దుకున్నాయట, అన్నీ అటే వెళ్లాయి, ఆగమన్నారు. ఆగడానికి నాకు ధైర్యం చాల్లేదు. అక్కకు ఫోన్ చేసి తిన్నగా ఆస్పత్రికి రమ్మన్నాను. మాస్టారి కారు తప్ప వేరే దిక్కు లేదు. వేలాడుతున్న రెండు వైర్లనూ ప్లగ్గులకు తొడిగి, బానెట్ వేసి, బట్టల కోసం వచ్చినావిడా నేనూ చెరో రెక్కా పట్టి బావను వెనక సీట్లో కూర్చోబెట్టాం. బండి నడపడం నాకు నేర్పింది ఆయనే.

వీధి మలుపు తిరిగేలోపే వెనక గొట్టం 'ఢాం' అంది. బండి నిలువెల్లా వణికింది. పెడల్ తొక్కితే ముందుకు పోవడానికి బదులు మూలిగింది. మళ్లీ ఢాం. రోడ్డు మీదివాళ్లు ఉలిక్కిపడి పక్కకు తప్పుకున్నారు.

"నీళ్లు చిలకరించాం కదా, క్యాప్‌లోకి దిగి ఉంటాయి" అన్నాడు బావ వెనక నుంచి. గొంతు సన్నగా ఉంది.

"నువ్వు మాట్లాడకు. ఊపిరి తీసుకో, చాలు."

ఎలాగో వంతెన దాకా వచ్చాం. ఆస్పత్రి వంతెన అవతలే. ఎత్తు సగం ఎక్కాక బండి ఇంకోసారి పేలి, దగ్గి, ఆగిపోయింది. తాళం తిప్పితే పలుకుతోంది గానీ లాగడం లేదు. బ్రేకు తీస్తే వెనక్కి జారుతోంది. వెనకున్న లారీ హారన్ చెవులు చిల్లులు పొడుస్తోంది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, "గుండె జబ్బు మనిషయ్యా, కాస్త ఆపవయ్యా బాబూ!" అని అరిచాను. లారీ డ్రైవరు దిగివచ్చి, బావను చూసి, ఒక కర్రమొద్దు తెచ్చి మా వెనక చక్రం కింద పెట్టాడు. "తోద్దామన్నా ఈ ఎత్తులో కుదరదమ్మా. నా క్యాబిన్‌లోకి ఎక్కిద్దామన్నా ముందు మీ బండే అడ్డం" అన్నాడు.

వానలో బానెట్ ఎత్తాను. లారీ డ్రైవరు తన టార్పాలిన్ చెంగు నా తల మీదుగా పట్టాడు. నా సంచిలో పొడి గుడ్డముక్కలకు కొదవా? క్యాప్ క్లిప్పులు తీసి, లోపలా బయటా తుడిచి, వైర్ల మొదళ్లు తుడిచి, మళ్లీ బిగించాను. వచ్చి తాళం తిప్పాను. ఢాం.

అద్దంలో చూస్తే వెనక సీటు ఖాళీగా ఉంది.

తల తిప్పాను. బావ అప్పటికే తలుపు తెరుచుకుని దిగాడు. కారు పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ బానెట్ వైపు నడుస్తున్నాడు. పెదాలు నల్లబడ్డాయి.

"ఆగు! అక్కడే ఆగు!"

"ఒక్క క్షణమే. చెయ్యి పెడితే తెలిసిపోతుంది."

"ఇందాక చెయ్యి పెడితే తెలిసింది చాలదూ?"

నేను దిగి ఆయనకు అడ్డంగా నిలబడ్డాను. జేబులో సుద్ద ఉంది. ఏం తోచిందో, వంగి రోడ్డు మీద గీత గీశాను. తడి రోడ్డు మీద సుద్ద ఎక్కడ పడుతుంది? ముద్దయి నా వేళ్లకే అంటుకుంది. మళ్లీ గీశాను, మళ్లీ వాన మింగేసింది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. నడిరోడ్డు మీద, లారీ డ్రైవరు చూస్తుండగా, మోకాళ్ల మీద కూర్చుని భోరుమన్నాను.

బావ నన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, గీత ఉండవలసినచోటికి వెనక అడుగు వేశాడు.

"ఉందిలేవే. కనపడకపోతే ఏం, ఉంది. లే. ఏడుపు తర్వాత, ముందు నేనడిగింది చెప్పు."

ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, తాళం నా గుప్పిట్లో పెట్టుకుని, మళ్లీ బానెట్ దగ్గరకు వెళ్లాను. అడ్డంగా ఎత్తి ఉన్న రేకు వల్ల ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనపడదు. అరుచుకోవడమే.

"కాయిల్ వైరు బిగువుగా ఉందా?"

"ఉంది!"

"క్యాప్‌లో బీట?"

"లేదు!"

"ప్లగ్గుల వైర్లు ఎలా ఉన్నాయి?"

"చక్కగా ఉన్నాయి! ఒకదాన్నొకటి తాకకుండా, వరసగా!"

లోపల నుంచి మాట లేదు. పరుగెత్తబోయాను.

"చక్కగానా?" అన్న గొంతు వినిపించింది. "నేను బిగించిన వైర్లు ఏనాడైనా చక్కగా ఉన్నాయటే? ఎవరు తొడిగారు?"

"నేనే! నువ్వు పడి ఉంటే ఇంకెవరు తొడుగుతారు? చిక్కు పడినట్టుంటే విడదీసి, దేని దారిన దాన్ని..."

"అయ్యో నా సూదీ! అది దారం కాదే, కరెంటు. ప్లగ్గులు వరసగా మండవు. ఒకటి, మూడు, నాలుగు, రెండు. అదీ దాని వరస. ఈ బండిలో మూడోదీ నాలుగోదీ ఒకదాని మీదుగా ఒకటి దాటాల్సిందే. నువ్వు చిక్కు తీశావు, బండి చిక్కులో పడింది."

ఆయన నవ్వబోయి దగ్గాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ముడి కనపడితే విప్పకుండా ఉండలేని పాడు చేతులివి. రెండు వైర్లూ లాగి అటుదిటు, ఇటుదటు తొడిగాను. చూడ్డానికి అసహ్యంగా, మెలిపడి ఉన్నాయి. నొక్కి చూశాను. బానెట్ వేశాను.

"క్లిప్పులు..."

"రెండూ పెట్టాను మహానుభావా!"

తాళం తిప్పాను. ఇంజను పలికింది. వణుకు లేదు, పేలుడు లేదు. లారీ డ్రైవరు కర్రమొద్దు తీసి, కారు వెనకభాగం మీద చరిచి, "పోమ్మా, పో!" అన్నాడు.

వంతెన ఎక్కుతుంటే బావ తల కిటికీకి ఆనింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

"నిద్రపోకు. ఆ వరస చెప్పు, నాకు నోటికి రావాలి."

"ఒకటి, మూడు, నాలుగు, రెండు."

"మళ్లీ."

"ఒకటి, మూడు, నాలుగు, రెండు."

రోడ్డు మీద కళ్లు పెట్టి, చెవి ఆయన మీద పెట్టి నడిపాను. ఇంజను చప్పుడూ ఆయన గొంతూ తప్ప నాకు లోకంలో ఇంకేమీ వినపడలేదు. ఆస్పత్రి గేటు కనపడుతోంది. "ఒకటి, మూడు..." అన్నాడు. అంతే, ఆగిపోయాడు.

"బావా!"

మోచేత్తో ఆయన్ను పొడిచాను.

"బావా, నాలుగు! నాలుగు అను!"

"...నాలుగు, రెండు. ముందు గుంత ఉంది, చూసుకో" అన్నాడు కళ్లు తెరవకుండానే.

గేటు దగ్గర మనుషులు స్ట్రెచర్ తెచ్చారు. డాక్టరమ్మ వచ్చి, తెర మీద గీతలు చూసి, ఎక్స్‌రే తీయించి, నన్ను పక్కకు పిలిచింది. పెట్టె బాగానే ఉందట. పడినప్పుడు చెయ్యి విసురుగా లేచి, గుండెలోకి దిగిన వైరు కొస జరిగిందట. అందుకే పెట్టె పంపే ఒక్కో దెబ్బ గుండెకు అందుతోంది, ఒక్కోటి అందడం లేదు. వెంటనే లోపలికి తీసుకెళ్లి సరిచెయ్యాలి. మత్తు పూర్తిగా ఇవ్వరు, అక్కడి వరకే తిమ్మిరి. "ఆలస్యం చేయకుండా తెచ్చారు" అంది. వంతెన మీద జరిగింది ఆవిడకు తెలియదు.

అక్క వచ్చింది. తల నుంచి పాదాల దాకా తడిసిపోయింది. స్ట్రెచర్ కదులుతుంటే దాని పక్కనే నడిచింది. బావ ఆమె వైపు చూడలేక పైకప్పు వైపు చూశాడు.

"దాటాను" అన్నాడు.

అక్క వంగి, దుప్పటి చెంగు ఆయన గడ్డం దాకా లాగింది. నడవా చివర పెద్ద తలుపు. తలుపుకు కాస్త ముందు, నేల మీద, అడ్డంగా పసుపురంగు గీత. దాని పక్కన పెద్ద అక్షరాలతో, బయటివారు దాటరాదని రాసి ఉంది. స్ట్రెచర్ దాటి వెళ్లింది. తలుపు మూసుకుంది. అక్కా నేనూ గీతకు ఇవతల ఆగిపోయాం.

లోపల నుంచి చప్పుళ్లు వస్తున్నాయి. ఏదో లోహపు పళ్లెం, ఎవరో మాట్లాడటం, 'కుయ్, కుయ్' అని ఒక యంత్రం. ఆ కుయ్‌ల మధ్య ఎడం ఒకసారి పెరుగుతోంది, ఒకసారి తగ్గుతోంది. ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియదు. చెయ్యి పెట్టడానికి లేదు. సగం వినపడుతుంది, సగం అనుమానమొస్తుంది. రోజూ స్టూలు మీద కూర్చుని ఈయన పడ్డది ఇదా అనుకున్నాను.

"ఏమిటే గొణుగుతున్నావు?" అంది అక్క.

"ఒకటి, మూడు, నాలుగు, రెండు."

ఏమిటది అని అక్క అడగలేదు. నా చెయ్యి పట్టుకుని తనూ నాతో పాటు మొదలుపెట్టింది. ఇద్దరం పసుపు గీతకు కాలివేళ్లు ఆనించి, మూసిన తలుపునే చూస్తూ, పిచ్చివాళ్లలా అదే అంకెలు పెదాల మీద తిప్పుకుంటూ నిలబడ్డాం. దారిన పోయేవాళ్లు ప్రార్థన అనుకుని ఉంటారు. లోపల ఒకసారి కుయ్ మరీ ఆలస్యమైంది. అక్క గోళ్లు నా చేతిలోకి దిగాయి. తర్వాత వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక ఇంకోటి. ఎడం మారడం లేదు. చాలాసేపు విన్నాం. మారలేదు.

తలుపు తెరుచుకుని నర్సు బయటికి వచ్చింది. ఆవిడ మొహం చూడ్డానికి నాకు ధైర్యం లేక నేల చూస్తున్నాను.

"మీలో ఆయన మరదలెవరు? అంతా అయ్యేదాకా మాట్లాడొద్దంటే వినలేదండీ ఆయన. వైరు కుదిరిందని డాక్టరుగారు చెప్పగానే, 'క్లిప్పులు రెండూ పెట్టారా?' అని ఆవిణ్ణే అడిగారు. మా మరదలికైతే అర్థమవుతుంది, వెళ్లి చెప్పండి అన్నారు."

అక్క మొహం చేతుల్లో దాచుకుని, పసుపు గీత మీదే కూలబడి ఏడ్చింది. నర్సు కంగారుపడి ఏమైందని అడిగింది. రెండు వేళ్లు చూపించాను.

"రెండూ పెట్టామని చెప్పమంటారా?" అంది నర్సు.

అవునని తలూపాను.